ఉషిత్సు దీపోత్సవము

జపాను దేశపు పటమును విప్పి చూచినచో, ఆ దేశపు ప్రధాన ద్వీపమైన హోన్షూకు పడమటి వైపున, వంచిన బొటనవ్రేలివలె సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన చిన్న ద్వీపకల్పమొకటి కనబడును. దాని పేరు నోతో. అది ఇషికావా మండలములోనిది. మూడు దిక్కుల సముద్రము, నడుమ అడవులతో నిండిన కొండలు, కొండవాలులపై మెట్లు మెట్లుగా వరిమళ్లు, తీరము పొడవునను బెస్తవారి ఊళ్లు. ఇదియే నోతో స్వరూపము. వెలుపలి తీరమునకు చలికాలమున సైబీరియా నుండి వచ్చు గాలులు నేరుగా తగులును. అలలు ఇంటి కప్పులంత ఎత్తున లేచి విరుగును. లోపలి తీరము మాత్రము తొయామా అఖాతము వైపు తిరిగియుండుటచే కొంత ప్రశాంతముగా నుండును. ఆ లోపలి తీరముననే ఉషిత్సు అను రేవుపట్టణము కలదు.

ఉషిత్సు పెద్ద పట్టణము కాదు. కొండకును సముద్రమునకును నడుమ దొరికిన కొద్దిపాటి చోటులో ఇండ్లు ఒకదానినొకటి ఒరసికొని నిలిచియుండును. ఇండ్లన్నియు కొయ్యవి, కప్పులు నల్లని పెంకులవి. చలికాలమున అఖాతములోనికి వచ్చు బూరి అను చేప ఇచటి బెస్తలకు జీవనాధారము. సముద్రములో స్థిరముగా పాతిన పెద్ద వలలలోనికి ఆ చేపలు వచ్చి పడును. నోతో చలికాలపు బూరి యన్నచో జపాను అంగళ్లలో మంచి పేరున్నది. మిగిలిన దినములలో ఈ పట్టణమున అంత సందడి యుండదు. కాని ప్రతి సంవత్సరము జూలై నెల మొదటి శుక్రవారమునను, ఆ మరునాడు శనివారమునను, ఈ ఊరు ఊరువలె నుండదు.

ఆ రెండు రాత్రులు జరుగు పండుగకు అబారే మత్సురి యని పేరు. మత్సురి యనగా పండుగ. అబారే యనగా చెలరేగుట, కట్టు తప్పి విజృంభించుట. దేవుని పండుగకు ఇట్టి పేరేమి యని వినువారికి తోచుట సహజము. పేరు ఎట్లు వచ్చినదో ముందు తెలియగలదు. మొదట దీపముల మాట చెప్పవలెను.

వేసవి దీపోత్సవములు జపానులో అనేకములు. ఆగస్టు నెలలో వచ్చు బోన్ అను పితృపూజాదినములలో, తమ పెద్దల ఆత్మలు ఇంటికి వచ్చి పోవునని జపానీయులు భావింతురు. వచ్చువారికి దారి చూపుటకు వాకిట దీపములుంచుదురు. వారు మరలిపోవు రాత్రి కాగితపు దీపములను నదిలోనో సముద్రములోనో వదలుదురు. కార్తికమాసమున గోదావరిలో అరటిదొప్పల దీపములను విడుచుట చూచినవారికి ఆ దృశ్యము క్రొత్తది కాదు. అయితే నోతోలోని దీపములు నీటిపై మెల్లగా తేలిపోవు చిరుదీపములు కావు. అవి మనుష్యుల భుజములపై నిలువెత్తున లేచి నడచు దీపగోపురములు. వానిని కిరికో యందురు.

కిరికోను నిర్మించు పద్ధతి తెలిసికొనదగినది. మొదట కొయ్యతో నిలువుగా, సన్నగా, ఎత్తుగా ఒక చట్రమును కట్టుదురు. దానికి నాలుగు వైపుల కాగితము అంటింతురు. ముందు వైపున రెండు మూడు పెద్ద అక్షరములు నల్లని సిరాతో దిట్టముగా వ్రాయబడును. అవి శుభమును కోరు మాటలు. వెనుక వైపున వీరుల చిత్రములో, పురాణగాథల చిత్రములో రంగులతో నుండును. శిఖరమున చిన్న దేవాలయపు కప్పువంటి కప్పు. క్రింది భాగమున అరుగువంటి చోటు. అచ్చట భేరియు తాళములు నుండును. ఊరి పిల్లలు వానిని వాయింతురు, పిల్లనగ్రోవు లూదుదురు. అన్నిటికి అడుగున పల్లకి దండెలవంటి పొడుగాటి దూలములు. ఈ దూలములను పదుల కొలది మనుష్యులు భుజములకెత్తుకొందురు. పూర్వము లోపల కొవ్వొత్తులు వెలుగుచుండెడివి. ఇప్పుడు చాలవరకు విద్యుద్దీపములు వచ్చినవి. లోపలి వెలుగు కాగితము గుండా బయటికి వచ్చునప్పుడు, మోయువారు చీకటిలో కలిసిపోయి, అక్షరములును చిత్రములును తమంత తామే గాలిలో నడచుచున్నట్లు కనబడును.

ఉషిత్సు కిరికోలు సుమారు ఏడు మీటర్ల ఎత్తు. అనగా మన రెండంతస్తుల మేడయంత. ఇట్టివి సుమారు నలువది పండుగనాడు బయలుదేరును. ఒక్కొక్క పేటకు ఒక్కొక్కటి. నోతోలోని వేరు ఊళ్లలో ఇంతకంటె పెద్దవియు కలవు. నానావో పట్టణమున ఇషిజాకి పేటవారి దీపగోపురములు పండ్రెండు మీటర్లకు పైబడి, రెండు టన్నుల బరువుండును; ఒక్కొక్కదానిని నూరుమంది మోయవలెను. వాజిమా పట్టణము లక్క పనికి ప్రసిద్ధి చెందినది గనుక అచ్చటి కిరికోలకు లక్కపూత తళతళలాడును. సుజు పట్టణమునకు చెందిన హోర్యూలో కిరికోను మోయుచు సముద్రములోనికే దిగుట ఆచారము. ద్వీపకల్పమంతటను జూలై మొదలు శరత్కాలము వరకు ఇట్టి పండుగలు సుమారు రెండు వందలు ఆనవాయితీగా వచ్చినవి. 2015లో జపాను ప్రభుత్వము వీనినన్నిటిని కలిపి దేశపు వారసత్వములలో ఒకటిగా గుర్తించినది.

పూర్వకాలపు కిరికోలు ఇంకను ఎత్తుగా నుండెడివి. వానిని పొట్టివి చేసినవి యుద్ధములు కావు, కరవులు కావు, విద్యుత్తీగలు. వీధులలో స్తంభములు పాతి తీగలు లాగిన పిమ్మట, ఎత్తైన దీపగోపురము తీగలకు తగులుకొని సాగలేకపోయెను. అందుచే అనేక గ్రామములవారు కిరికోల ఎత్తు తగ్గించుకొనిరి. ఇంటింటికి క్రొత్త దీపము వచ్చి పాత దీపమును వంగి నడవుమన్నది!

ఇక పండుగ పుట్టుకను గూర్చి ఉషిత్సు ప్రజలు చెప్పు కథ యిది. క్రీ. శ. 1661 మొదలు 1673 వరకు గల కాలమును జపానీయులు కంబున్ యుగమందురు. ఆ రోజులలో ఈ ఊరిలో ఘోరమైన అంటువ్యాధి ప్రబలెను. మందులు పనిచేయలేదు. దిక్కుతోచని ప్రజలు దూరముననున్న క్యోటో నగరపు గియోన్ దేవళము నుండి గోజు తెన్నో అను దేవుని తమ ఊరికి ఆవాహన చేసి, గొప్ప పూజలు చేసిరి. అప్పుడు నీలివన్నెగల పెద్ద కందిరీగ యొకటి ఎక్కడినుండియో వచ్చి, మంచము పట్టిన రోగులను కుట్టెను. కుట్టించుకొన్నవారెల్ల కోలుకొనిరి. ఆ కందిరీగ దేవుని దూతయే యని నమ్మి, ప్రజలు సంతోషము పట్టలేక, కిరికోలను భుజములకెత్తుకొని దేవళమునకు పోయిరి. కందిరీగ కుట్టిన వ్యాధి నయమగునా యని వైద్యశాస్త్రము నడుగవలసిన పనిలేదు. ప్రాణభయము తీరిన ఊరు ఎట్లు గంతులు వేయునో ఈ కథ చెప్పుచున్నది; అది చాలును.

ఈ గోజు తెన్నో యను దేవుని పేరు మనకు ఆసక్తి కలిగింపక మానదు. గోజు అనగా ఎద్దు తల. తెన్నో అనగా స్వర్గాధిపతి. ఇతడు శ్రావస్తీ నగరమందలి జేతవన విహారమునకు రక్షకదేవత యని జపానులో ప్రాచీనకాలము నుండి చెప్పుచు వచ్చిరి. గియోన్ అను మాటయే జేతవనమునకు జపానీయుల పేరు. సుదత్తుడను శ్రేష్ఠి జేతరాజకుమారుని తోటను, నేలయంతయు బంగారు నాణెములు పరచి కొని, బుద్ధునకు సమర్పించిన కథ బౌద్ధగ్రంథములలో ప్రసిద్ధము. భర్హుత్ స్తూపముపై ఆ నాణెములు పరచుట నేటికిని శిల్పముగా చూడవచ్చును. ఆ తోట పేరు చీనా మీదుగా జపాను చేరి, క్యోటోలో ఒక దేవళమునకును, ఒక పేటకును నిలిచినది. 869లో దేశమంతట వ్యాధులు చెలరేగినప్పుడు అచ్చట అరువదియారు ఈటెలను నిలిపి చేసిన శాంతిపూజయే క్రమముగా నేటి గియోన్ ఉత్సవమైనది. అచ్చటినుండి ఆ దేవుడు ఉషిత్సుకు వచ్చెను. ఉత్తరభారతమునందలి ఒక తోట పేరు జపాను సముద్రతీరమున బెస్తవారి పండుగకు మూలమగుట చరిత్రలోని చిత్రములలో ఒకటి.

1868లో జపాను ప్రభుత్వము బుద్ధ, షింటో మతములను వేరుచేయుచు ఆజ్ఞలు వెలువరించెను. అప్పుడు గియోన్ దేవళము యసాకా దేవళమైనది. గోజు తెన్నో పేరు తొలగి, ఆ స్థానమున సుసానొవో అను ప్రాచీన షింటో దేవుని పేరు నిలిచినది. నిజమునకు ఈ ఇరువురిని ప్రజలు అంతకు ముందే ఒక్కరుగా తలచుచుండిరి. ఉషిత్సు దేవళమును నేడు యసాకా దేవళమే.

వ్యాధి వచ్చినప్పుడు దూరపు క్షేత్రము నుండి దేవతను తెచ్చుకొనుట మన తెలుగునాటను వినని సంగతి కాదు. సికింద్రాబాదు మహాకాళి ఉజ్జయిని నుండి వచ్చినదని, అందుకును మహమ్మారియే కారణమని అచ్చటివారు చెప్పుదురు. ఆషాఢమాసమున జరుగు ఆ బోనాలలో వెదురుబద్దలకు రంగుకాగితములు అంటించి కట్టిన ఎత్తైన తొట్టెలను ఊరేగింతురు. ఒకరి నుండి ఒకరు నేర్చినది కాదు. అయినను వానకాలపు వ్యాధుల భయము ఒక్కటే గదా.

ఇప్పుడు పండుగ రాత్రులకు వత్తము. మొదటి రాత్రి ప్రతి పేట నుండియు కిరికో బయలుదేరును. ఇరుకు వీధులలో ఒకదాని వెనుక ఒకటి వచ్చి, అన్నియు రేవు దగ్గరి మైదానమున చేరును. అచ్చట ఏడు మీటర్ల ఎత్తుగల పెద్ద కాగడాలు నిలిపియుందురు. వానికి నిప్పు పెట్టగానే మంట ఆకాశమున కెగసి, నిప్పురవలు వానవలె కురియును. కిరికోలను మోయువారు ఆ మంటల చుట్టు పరుగెత్తుదురు. భేరులు మ్రోగుచుండును. "ఇయాసాకా యొస్సే" అని కేకలు. ఇయాసాకా యనగా నానాటికి వర్ధిల్లుమని అర్థము. రవలు తలలపై, భుజములపై పడుచున్నను ఎవరును దూలము విడువరు. దూలము విడిచినచో బరువంతయు ప్రక్కవాని మీద పడునని ప్రతివానికిని తెలియును.

రెండవ రాత్రి దేవుని పల్లకీలు రెండు బయలుదేరును. వీనిని మికోషి యందురు. జపానులోని తక్కిన చోట్ల మికోషిని ఎంత జాగ్రత్తగా, ఎంత భక్తితో మోయుదురో, ఇచ్చట అంత కఠినముగా చూతురు. నేలపై పడవైతురు. దొర్లింతురు. సముద్రములో త్రోయుదురు, దానితోపాటు తామును దూకుదురు. వంతెన మీది నుండి ఏటిలోనికి విసరుదురు. తుదకు మండుచున్న కాగడాల క్రింద నిప్పులలోనికి నెట్టుదురు. మికోషి కొయ్యలు విరుగును, మసియగును. ఇది అపచారము కాదా యని పరదేశీయులు విస్తుపోవుదురు. ఉషిత్సువారి సమాధానము వేరు. సుసానొవో తుపానులకు దేవుడు, దుడుకువాడు. 712లో కూర్చబడిన కొజికి అను గ్రంథములో ఇతడు స్వర్గమున అల్లరి చేసి సోదరియైన సూర్యదేవికి కోపము తెప్పించి, బహిష్కృతుడై భూమికి దిగివచ్చి, ఎనిమిది తలల మహాసర్పమును సంహరించినవాడు. అట్టి దేవునకు మెత్తని సేవ రుచింపదు. ఎంత చెలరేగిన అంత ప్రీతి. పండుగకు ఆ పేరు వచ్చినది ఇందువలననే.

కిరికోల పని ఈ మికోషులకు ముందు నడచి దారి చూపుట. వీధిదీపములు లేని కాలమున ఆ వెలుగే దేవునకు దారి. నీట మునిగి, నిప్పులో కాలి, మికోషులు యసాకా దేవళము చేరుసరికి అర్ధరాత్రి దాటిపోవును.

పండుగనాడు ఇంటి తలుపులు మూయరు. యొబారే యను ఆచారము ప్రకారము ప్రతి గృహస్థుడు బంధువులను, స్నేహితులను, స్నేహితుల స్నేహితులను కూడ పిలిచి విందు చేయును. లక్కపూత పళ్లెములలో చేపలు, కూరలు, అన్నము వడ్డింతురు. ఒక ఇంట తిని వేరొక ఇంటికి పోవుటయు కలదు. ఈ ఇంటివారు మరొక ఊరి పండుగకు వెళ్లి ఆ విందు తీర్చుకొందురు. నోతోవారు నూతన సంవత్సరమునకు రాకపోయినను, బోన్ దినములకు రాకపోయినను, ఊరి పండుగకు మాత్రము తప్పక వత్తురని ఒక వాడుక కలదు. ఎవడు ఏ నగరమున ఏ పని చేయుచున్నను, తన భుజమునకు తగిన చోటు తన పేట దూలము క్రింద ఖాళీగా నుండునని వానికి తెలియును.

ఆ ఖాళీలే యిప్పుడు ఎక్కువగుచున్నవి. ఉషిత్సు ముఖ్యపట్టణముగా గల నోతో చో అను పురపాలక ప్రాంతము 2005లో మూడు ఊళ్లను కలిపి ఏర్పరచినప్పుడు, దాని జనసంఖ్య సుమారు 22 వేలు. 2020 జనాభా లెక్కలలో అది 16 వేలకు తగ్గినది. చదువునకును, ఉద్యోగమునకును యువకులు కనజావాకో, టోక్యోకో పోవుదురు, వృద్ధులు మిగిలిపోవుదురు. 2005లోనే ఉషిత్సు మీదుగా పోవు రైలుమార్గము ప్రయాణికులు చాలక మూతపడెను. ఏడు మీటర్ల దీపమును వృద్ధులు మోయజాలరు. నోతోలోని కొన్ని గ్రామములు కిరికోల క్రింద చక్రములు పెట్టినవి. కొన్ని నగరముల నుండి విద్యార్థులను పిలిపించుకొన్నవి. మరికొన్ని ఊళ్లలో కిరికో కొట్టములోనే ఉండిపోయినది. చక్రములు పెట్టిన దీపము దీపమేనా యని తర్కించువారు కలరు. కాని కొట్టములోని దీపముకంటె చక్రముల మీది దీపము మేలుగదా. 2020లో కరోనా వ్యాధి కారణమున నోతో అంతటను పండుగలు ఆగెను. మహమ్మారి పోయిన సంతోషమున పుట్టిన పండుగ మరియొక మహమ్మారిచే నిలిచిపోయినది.

అంతకు మించిన ఆపద 2024 జనవరి 1వ తేదీన వచ్చెను. నూతన సంవత్సరదినము, దూరమున నున్న బిడ్డలు ఇండ్లకు వచ్చియున్న దినము. సాయంకాలము 4 గంటల 10 నిమిషములకు నోతోను 7.6 పరిమాణముగల భూకంపము కుదిపివేసెను. కొయ్య యిండ్లు నల్లపెంకుల బరువుతో కుప్పకూలెను. వాజిమాలో సంత వీధి యంతయు కాలిపోయెను. సముద్రపు పొంగు తీరగ్రామములను ముంచెను. వెలుపలి తీరమున నేల కొన్నిచోట్ల నాలుగు మీటర్ల వరకు పైకి లేచి, రేవులు నీరులేక ఎండిపోయెను. పడవలు బురదలో నిలిచిపోయెను. ఆనాడే మరణించినవారు రెండు వందలకు పైబడిరి. ఇల్లు వాకిలి కోల్పోయి, చలికిని వ్యాధికిని తాళలేక తరువాత మరణించినవారిని కూడ కలిపినచో ఆ సంఖ్య ఐదువందలు దాటినది. ఉషిత్సులోను ఇండ్లు కూలినవి, వీధులు చీలినవి. అనేక కుటుంబములు వేరు ఊళ్లకు పోయి తలదాచుకొన్నవి.

ఆ సంవత్సరము పండుగ జరుపవలెనా? ఈ ప్రశ్న ఊరిని రెండుగా చీల్చెను. చనిపోయినవారి ఇండ్లలో దుఃఖము ఆరలేదు; తాత్కాలిక గృహములలో నీళ్లకు కటకటగా నున్నది; కాగడాలు వెలిగించి కేకలు వేయుట తగునా యని కొందరు అనిరి. ఈ మాటలో న్యాయము లేకపోలేదు. ఈ పండుగ పుట్టినదే ఆపదలో. ఇప్పుడు ఆపినచో ఊరు విడిచి పోయినవారు మరల వచ్చుటకు కారణమేమి మిగులునని మరికొందరు అనిరి. నోతోలోని అనేక గ్రామములు ఆ యేడు తమ పండుగలను మానుకొన్నవి. ఉషిత్సువారు మాత్రము జరుపుటకే నిశ్చయించిరి.

2024 జూలై 5, 6 తేదీలలో, భూకంపము తరువాత నోతోలో మొట్టమొదటి కిరికోలు ఉషిత్సు వీధులలో లేచినవి. కూలిన ఇండ్ల శిథిలములు ఇంకను ప్రక్కల పడియుండెను. అన్ని పేటలకు మునుపటివలె మోయువారు లేరు. పొరుగూళ్లకు పోయినవారు ఆ రెండు రాత్రులకు తిరిగివచ్చిరి. సహాయమునకు వచ్చిన పరాయి ఊళ్లవారును దూలములకు భుజము లిచ్చిరి. కాగడాలు యథాప్రకారము మండినవి. మికోషులు యథాప్రకారము సముద్రములో పడినవి, ఏటిలో పడినవి, నిప్పులో కాలినవి. ఆ రాత్రి కేకలలో నానాటికి వర్ధిల్లుమను మాట విని కన్నీరు పెట్టుకొన్నవారు కలరు.

ఆ సెప్టెంబరు 21న కుంభవృష్టి కురిసి, నదులు పొంగి, కొండచరియలు విరిగి, భూకంపములో మిగిలినవారిలో కొందరిని మరల నిరాశ్రయులను చేసినది.

పండుగ ముగిసిన మరునాడు ఉషిత్సులో పని చాల నుండును. కాగడాల బొగ్గును ఊడ్చి, కిరికోలను విప్పి, దూలములను తుడిచి, పేట పేటకు గల కొట్టములలో భద్రపరతురు. ఇండ్లకు వచ్చిన బిడ్డలు, భుజములపై వాచిన కమిలిన గుర్తులతో, మధ్యాహ్నపు బస్సులకు ప్రయాణమగుదురు. ఆ సాయంకాలమునకు రేవులో మరల పడవల చప్పుడు మాత్రమే వినవచ్చును.